చంద్రుడు వణికితే మా కాలేజీ మేడకేం?

ఈ మధ్యనే ఉద్యోగంలో చేరిన ఒక లెక్చరరమ్మాయి నా దగ్గరికొచ్చి, "సిలబస్‌లో లేనిది చెబితే ఏమవుతుంది మేడం?" అని అడిగింది. ఏమవుతుందా? ఉప్పలగుప్తం దాటి సముద్రపొడ్డు దాకా కాలవ గట్టు మీద ఎండలో నడవాల్సొస్తుంది. అదే జవాబు చెప్పాను. ఆ పిల్లకి అర్థం కాలేదు. ఇంకెవరైనా అడుగుతారేమోనని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. చదివి భయమేసినవాళ్ళు సిలబస్‌లోనే ఉండిపోండి, నాకేం అభ్యంతరం లేదు.

నేను అమలాపురంలో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. యాభై నిండకుండానే మానేశాను. ఎందుకు మానేశారని అడిగినవాళ్ళకి, నలుగురు ప్రిన్సిపాళ్ళు నన్ను మార్చాలని చూసి వాళ్ళే మారిపోయారనీ, ఐదో ఆవిడ మీద జాలేసి నేనే తప్పుకున్నాననీ చెబుతుంటాను. అది అబద్ధమే, కానీ మరీ అంత అబద్ధం కాదు.

ఇది ఎనభైల మొదట్లో మాట. మా కాలేజీలో సైన్స్ సంఘం ఒకటి ఉండేది. ఏడాదికోసారి మాలో ఒకరు పాఠాల్లో లేని విషయం మీద పిల్లలందరికీ ఉపన్యాసం ఇవ్వాలి. జువాలజీ ఆవిడ వంతు వచ్చినప్పుడల్లా ఏనుగు గురించే చెప్పేది. ఆ ఏడు వంతు నాది. 'ఇతర గ్రహాల్లో కంపాలెందుకొస్తాయి, కొండచరియలెందుకు జారతాయి' అని కాగితం మీద రాసి పంపాను.

ప్రిన్సిపాల్‌గారు చాలా నెమ్మదస్తురాలు. ఆ కాగితం పట్టుకుని తనే నా దగ్గరికొచ్చారు. "మన పిల్లలు కొండే చూడలేదు కదండీ, జారడం గురించి ఏం చెబుతారు?" అన్నారు.

"ఏనుగునీ చూడలేదండీ" అన్నాను. జువాలజీ ఆవిడ ఆ తరవాత వారం దాకా నాతో మాట్లాడలేదు.

ఉపన్యాసం బాగా కుదిరింది. ఇది నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పడానికి వేరే ఎవరూ లేరు. చంద్రుడితో మొదలుపెట్టాను. అక్కడ దిగినవాళ్ళు కంపాలు కొలిచే పరికరాలు పెట్టి వచ్చారు. అవి కొన్నేళ్ళపాటు కబుర్లు పంపాయి. చంద్రుడంటే చచ్చిన రాయి అనుకున్నవాళ్ళు ఆశ్చర్యపోయారు. కొన్ని కంపాలు ఉల్కలు వచ్చి పడితే పుట్టేవి. కొన్ని పగటి మంటకీ రాత్రి చలికీ రాళ్ళు చిట్లితే పుట్టేవి. బాగా లోతున పుట్టేవి మాత్రం నెలనెలా ఒక లెక్క ప్రకారం వచ్చేవి. చంద్రుడు భూమికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా జరుగుతూ తిరుగుతాడు కదా, ఆ లాగుడులో హెచ్చుతగ్గులకి లోపలి రాయి నలిగి కదులుతుంది. మన భూకంపాలు వేరు. మన పైపెంకు పలకలుగా పగిలి ఉంది, ఆ పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. చంద్రుడికి అలాంటి పలకల గొడవ లేదు. బుధుడి సంగతి ఇంకొకటి. లోపల చల్లారి కుంచించుకుపోయాడు. కాచి దించిన పాల మీద మీగడ ముడతలు పడ్డట్టు పైపెంకు ముడుచుకుని, ఒక ముక్క ఇంకో ముక్క మీదికెక్కి గోడల్లాంటి కొండలు లేచాయి.

కుజుడి మీదికి రెండు నౌకలు వెళ్ళాయి. రెండింట్లోనూ కంపాలు కొలిచే పరికరం ఉంది. ఒకదాంట్లో ప్రయాణం కోసం వేసిన బిగింపు అక్కడికెళ్ళాక ఊడనే లేదు. మా ల్యాబ్ అల్మారాల తాళాలు ఎరిగిన పిల్లలు ఇక్కడ పకపకా నవ్వారు. రెండోది పనిచేసింది, కానీ చాలామటుకు విన్నది గాలి రొదే.

ఇక కొండచరియలు. కుజుడి మీద ఒక మహా లోయ ఉంది. దాని గోడలు పెళ్ళలుగా విరిగి మైళ్ళ దూరం పరుచుకున్న ఫొటోలు వచ్చాయి. కొండ చూడని పిల్లలకి అది ఎలా చెప్పాలి? గోదారి గట్టుతో చెప్పాను. వరద నిండుగా ఉన్నన్నాళ్ళూ గట్టు నిలబడే ఉంటుంది. వరద తీసేటప్పుడు జారుతుంది. లంకల్లో పుట్టిన పిల్లలకి ఇది నేను చెప్పక్కర్లేదు. నానిన మట్టి బరువు అలాగే ఉంటుంది, ఇవతలి నుంచి ఆనుకుని నిలబెట్టిన నీళ్ళు మాత్రం పోతాయి. ఏ గ్రహంలోనైనా సంగతి ఇంతే. బరువు కిందికి లాగుతుంటుంది, పట్టు ఆపుతుంటుంది. పట్టు సడలిన క్షణాన చరియ దిగుతుంది. కుజుడి మీద పట్టు సడలించిందేమిటి? కంపమా, ఉల్కా, నేలలో గడ్డకట్టిన మంచు కరగడమా? తెలియదు అన్నాను. లెక్చరరు తెలియదనడం వాళ్ళు అదే మొదటిసారి వినడం కాబోలు, ఆ మాట రాసుకోవాలా వద్దా అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కొన్నాళ్ళకి ఎక్కడినుంచో ఒక పుకారు దిగింది. ఫాల్గుణంలో పున్నమి వెళ్ళిన మర్నాడు గ్రహాలన్నీ సూర్యుడికి ఒకే పక్కకి చేరతాయట. అన్నీ కలిసి లాగితే భూమి బద్దలవుతుందట. గుళ్ళలో ఏకాహాలు, చర్చీల్లో ప్రత్యేక ప్రార్థనలు. గృహప్రవేశాలు వాయిదా పడ్డాయి. డాబాలున్నవాళ్ళు పెరట్లో పందిళ్ళు వేయించుకున్నారు. నేను నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు, ఎందుకంటే సరిగ్గా ఆ రోజే మాకు ఇంటర్మీడియట్ రెండో ఏడు పిల్లల ఫిజిక్స్ ప్రాక్టికల్ పరీక్ష పెట్టారు. మా ల్యాబ్ పాత మేడ మీద ఉండేది.

పరీక్ష సెలవులకి ఇళ్ళకెళ్ళిన హాస్టలు పిల్లల్లో సముద్రం వైపు పల్లెకారుల పేట నుంచి వచ్చేవాళ్ళు ఏడుగురున్నారు. వాళ్ళని పంపబోమని కబురొచ్చింది. ప్రాక్టికల్ తప్పితే ఆ ఏడు పోయినట్టే. ఆ పేటలో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్లలు వాళ్ళు. ఒక ఏడు పోతే రెండో ఏడు ఎవరూ పంపరు.

ప్రిన్సిపాల్‌గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"కబురు తెచ్చినాయన ఏమన్నాడో తెలుసా అండీ? మీ ఫిజిక్సు మేడంగారే చెప్పేరు, లాగుడు వల్లే చంద్రుడికి కంపాలొస్తాయని, అన్నాడు."

"అవును, చెప్పాను."

"పోనీ, చంద్రుడి మీద కంపాలూ గింపాలూ లేవు, పొరపాటుగా చెప్పేనని ఒక్క ముక్క రాసిచ్చెయ్యండమ్మా. మనిషి చేత పంపించేద్దాం. పిల్లలు వచ్చేస్తారు."

"ఉన్నవాటిని లేవని ఎలా రాస్తానండీ?"

"చంద్రుడేమైనా వచ్చి అడుగుతాడా?"

"చంద్రుడు అడగడు. ఆ పిల్లలు అడుగుతారు. రేపు నేను ఏది చెప్పినా ఇది నిజమా, రాసిచ్చిన నిజమా అని అడుగుతారు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీతో వాదించలేనండీ. కానీ ఏడుగురి చదువు. మీరు నెగ్గి వాళ్ళు ఓడిపోతే ఆ నెగ్గు ఎందుకు?"

ఆ మాట నాకు తగిలింది. మర్నాడు పొద్దున్నే ఉప్పలగుప్తం బస్సెక్కాను. అక్కడ దిగి కాలవ గట్టు పట్టుకుని నడిచాను.

ఆ పేటలో సొంత పడవ ఉన్న పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. ఆయన కూతురు మా ఏడుగురిలో ఒకతె. ఆయన తన పిల్లని పంపితే అందరూ పంపుతారు, పంపకపోతే ఎవరూ పంపరు. నేను వెళ్ళేసరికి ఆయన ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నారు. నన్ను చూసి లేచి, అరుగు దులిపారు.

"రండమ్మా, కూర్చోండి. ఎండనపడి వచ్చేరు. బొండం దింపిస్తాను."

"బొండం తరవాత. పిల్లల్ని ఎందుకు పంపరు?"

"మీరే కదండీ చెప్పేరు."

"ఏం చెప్పాను?"

"భూమి లాగితే చంద్రుడు వణుకుతాడని చెప్పేరటండి. ఒక్క భూమి లాగితేనే ఆయన అలా వణికిపోతే, అన్ని గ్రహాలూ కలిసి లాగితే మనం మిగులుతామాండీ?"

లోపల్నించి కూతురు గొంతు వినిపించింది. "నేను మొత్తం చెప్పేను మేడం! నాన్నే సగం విని లేచిపోయేడు."

"నువ్వు లోపలుండవే" అన్నారాయన.

వాళ్ళమ్మ గుమ్మంలోకి వచ్చింది. "మాది తాటాకిల్లండి. మీద పడినా దులుపుకుని లేస్తాం. మీ మేడ పడితే పిల్లల్ని ఏరుకోవాలి" అంది. ఈలోగా చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళూ వచ్చి నిలబడ్డారు.

కోపంతో వెళ్ళినదాన్ని, నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న విన్నాక నాకు హుషారొచ్చింది. ఇది మూఢనమ్మకం కాదు. నేను చెప్పిన నిజంలోంచి తీసిన వాదన. వాదనకి వాదనతో జవాబు చెప్పొచ్చు. అరుగు మీద కూర్చున్నాను.

"ఆ రెండో సగం వినండి మరి" అన్నాను. "చంద్రుడిని లాగే భూమి ఆయనకంటే ఎనభై రెట్లు బరువు, పైగా పక్కనే ఉంది. అంత లాగినా ఆ కంపాలు ఎంతవో తెలుసా? అక్కడ నిలబడ్డ మనిషి కాలికి కూడా తెలియవు. పరికరం పెడితేనే తెలుస్తాయి."

"అంత చిన్నవాండీ?" ఆయన చేతిలో వల ఆగింది. "మరి ఈ గ్రహాలు మాటో?"

"అది నన్నడగడమెందుకు? సముద్రాన్నడగండి. పోటు ఎందుకొస్తుంది?"

"చంద్రుడు లాగితేనండి. పున్నమికీ అమావాస్యకీ ఎక్కువొస్తాది."

"లాగుడుకి ముందు లొంగేది నీళ్ళా, నేలా?"

"నీళ్ళేనండి."

"గ్రహాల నడక నెమ్మది. అవి ఆ ఒక్కరోజు ఉరుక్కుంటూ వచ్చి చేరవు. నెల్లాళ్ళనుంచీ దాదాపు అక్కడే ముసురుకుని ఉన్నాయి. మొన్న అమావాస్యకి పోటు ఎలా ఉంది?"

ఆయన వెనక్కి తిరిగి ఇంకో ముసలాయన వైపు చూశారు. ఆయన, "ఎప్పట్లాగేరా" అన్నాడు.

"నీళ్ళనే వేలెడు లేపలేనివి నేలనేం బద్దలు కొడతాయి?"

అక్కడితో ఆగిపోతే సుఖంగా ఉండేది. కానీ సగం నిజం వల్ల వచ్చిన గొడవని ఇంకో సగం నిజంతో సర్దడం నాకు నచ్చలేదు. "ఇంకొకటి కూడా చెప్పాలి. చంద్రుడు లాగితే నేల కూడా లేస్తుంది. రోజూ రెండుసార్లు కొంచెం లేచి కొంచెం దిగుతుంది" అన్నాను.

గుమ్మంలో వాళ్ళమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. పెద్దమనిషి నేలకేసి చూశారు.

"ఎన్నాళ్ళనుంచండీ?"

"చంద్రుడు ఉన్నప్పటినుంచీ."

"ఆయ్, అయితే అలవాటైపోయుంటాదిలెండి" అన్నారాయన. అందరూ నవ్వేశారు. నేనూ నవ్వాను.

"సరేనండి. మీ మాట మీదే పున్నమి పోటు చూస్తాను. మా రేవులో గుంజ ఉంది, పున్నమికి ఎందాకా వస్తాదో నాకు తెలుసు. దాటకపోతే మర్నాడు మొదటి బస్సుకి పిల్లల్ని నేనే తెస్తాను."

"ఒకటి ముందే చెబుతున్నాను. ఆ రోజు సముద్రం మీంచి గాలి గట్టిగా కొడితే పోటు ఎగదన్నుతుంది. దాన్ని గ్రహాల ఖాతాలో వేయకండి."

"బావుందండోయ్! నెగ్గితే మీరూ, ఓడితే గాలీనా?"

"గాలి పోటుకీ మామూలు పోటుకీ తేడా మీకు నేను చెప్పాలా?"

"అదీ నిజమేలెండి. కానీ నాదీ ఒక మాట. ఆ రోజు పరీక్ష అయిందాకా మీరు ఆ మేడ దిగకూడదు."

"నా పరీక్ష. నేను దిగి ఎక్కడికి పోతాను?"

అప్పుడు బొండం తాగాను.

పున్నమి రోజు మధ్యాహ్నం దాకా ఆకు కదల్లేదు. నాలుగింటికి మా పెరట్లో కొబ్బరి మట్టలు కొట్టుకోవడం మొదలైంది. సముద్రపు గాలి. నేను ప్రిన్సిపాళ్ళని తిట్టాను, ఇన్‌స్పెక్టర్లని తిట్టాను, కానీ గాలిని అంతగా తిట్టింది ఆ సాయంత్రమే. గుంజ మీద పోటు ఏ కొంచెం దాటినా ఆయన గాలిని చూస్తారో, గ్రహాలని చూస్తారో నాకేం తెలుసు? ఏడుగురి చదువుని నేను సముద్రం మీద పందెం కాశానని అప్పుడు తెలిసొచ్చింది. అయినా కాసిన పందెం సరైనదే. ఇవాళైనా అదే కాస్తాను.

మర్నాడు పొద్దున కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాను. మొదటి బస్సు వచ్చి వెళ్ళిపోయాక వీధి మలుపులో ముందు ఆయన తలపాగా కనిపించింది. వెనక ఏడుగురూ ఉన్నారు.

"గాలి కొట్టింది కదండీ" అన్నాను, ఆయన నోరు తెరవకముందే.

"కొట్టిందండి. నాలుగు వేళ్ళు ఎగదన్నింది. అది గాలిదే, పొద్దున్నకి గాలి పడిపోయింది, పోటూ తన చోటికి వచ్చేసింది." ఆయన ఆకాశంకేసి చూసి తల అడ్డంగా ఆడించారు. "మీ గ్రహాలు చేతగానివండి."

ఇంక నిశ్చింత అనుకున్నాను. పరీక్ష పెట్టడానికి బయటినుంచి ఒక ఎగ్జామినరు రావాలి. ఆయన రాజమండ్రి నుంచి రావులపాలెంలో బస్సు మారి, ఆలస్యంగా దిగారు. ఫిజిక్స్‌లో పెద్ద చదువు చదివినాయన. మేడ మెట్ల కింద నిలబడి పైకి చూశారు.

"ల్యాబ్ పైనాండీ? పరికరాలు కిందికి తెప్పించండి. ఆ ఆవరణలో పెట్టేద్దాం. గాలి బాగా వస్తుంది."

"గాలి బాగా వస్తుందనే వద్దంటున్నానండీ. లోలకం ప్రయోగం ఉంది. గాలికి గుండు అటూ ఇటూ పోతుంది. కంపం వచ్చిందని మీరే గేటు దూకుతారు."

ఆయన ముఖం ఎర్రబడింది. "నేనేదో పిల్లల క్షేమం కోసం…"

"పిల్లలు పైనే ఉన్నారండీ."

ఏడుగురూ అప్పటికే పైన బల్లల ముందు నిలబడి ఉన్నారు. ప్రిన్సిపాల్‌గారు కూడా పైకొచ్చి గోడ వారన కూర్చున్నారు. నేను దగ్గరికెళితే, "భయంగానే ఉందండీ. అయినా పిల్లలిక్కడుంటే నేను కింద ఎలా కూర్చుంటాను?" అన్నారు రహస్యంగా. ఆవిడతో నేను ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు. కానీ ఆ రోజు ఆవిడ ఎక్కిన మెట్లు నేను ఎక్కిన మెట్లకంటే ఎక్కువ ఎత్తు. ధైర్యం ఉన్నవాళ్ళకి మేడెక్కడం ఏం గొప్ప?

ఎగ్జామినరు పైకొచ్చి, చెప్పులు విప్పకుండా, కుర్చీ గుమ్మం వైపు లాక్కుని కూర్చున్నారు. పెద్దమనిషిగారు కింద సరిగ్గా ల్యాబ్ శ్లాబు కింది వరండాలో తలపాగా పరుచుకుని కూర్చున్నారు. ఆవరణలోకి పొమ్మని అటెండరు చెబితే, "మేడంగారు దిగిందాకా నేనూ కదలను. మాటంటే మాటేనండి" అన్నారట.

ఆయన కూతురికి చీటీలో లోలకమే వచ్చింది. పొడవు కొలిచింది, గుండు వదిలింది, ఊగుళ్ళు లెక్కపెట్టింది. గోడ గడియారం, గుండు, పెదాలు కదుపుతూ ఆ పిల్ల, అంతే. మిగతా ప్రపంచం ఆగిపోయినట్టుంది. చివరికి మౌఖిక ప్రశ్నల కోసం ఎగ్జామినరు ముందుకి వెళ్ళింది. ఆయన ఏదో అడగబోతుండగా వీధిలో కొబ్బరికాయల లారీ ఒకటి వెళ్ళింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఆయన సగం లేచారు. లారీ వెళ్ళిపోయింది. లేచినందుకు ఏదో ఒకటి అనాలి కదా, గొంతు సవరించుకుని, "అసలు కంపాలు ఎందుకొస్తాయో తెలుసా నీకు?" అన్నారు.

అది సిలబస్‌లో లేదు. నేను అడ్డం చెప్పడానికి నోరు తెరిచాను.

"ఎక్కడండీ?" అంది ఆ పిల్ల.

"ఎక్కడేమిటి?"

"ఒక్కోచోట ఒక్కో కారణం అండీ. భూమ్మీదైతే పలకలు తోసుకుంటాయండి. చంద్రుడి మీదైతే భూమి లాగుడండి, ఉల్కలూ, ఎండా చలీ కూడానండి. బుధుడు చల్లారి ముడుచుకుపోయేడండి. కుజుడి మీద లోయ గోడలు జారేయండి, పట్టు ఎందుకు సడలిందో ఇంకా తెలియదండి."

"తెలియదా?"

"ఎవరికీ తెలియదండి. మేడం చెప్పేరు. తెలిస్తే చెబుతానన్నారు."

ఆయన ఆ పిల్ల వైపు, తరవాత నా వైపు చూశారు. చెయ్యి చాపి, కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నారు. ఆ తరవాత అడిగినవన్నీ సిలబస్‌లోవే. మంచి ప్రశ్నలడిగారు. మనిషి చదువుకున్నవాడే. మార్కులు వేసేటప్పుడు మా ఇద్దరికీ ఒక్క అంకె దగ్గర కూడా పేచీ రాలేదు. నాతో అలా జరగడం అరుదు.

కొత్తగా బోర్డు ముందు నిలబడుతున్నవాళ్ళు నన్ను అడుగుతుంటారు, పిల్లలకి అర్థం కాని నిజం చెప్పడమెందుకు, తప్పుగా పట్టుకుపోతారు కదా అని. పట్టుకుపోతారు. ఇంటికెళ్ళి సగం చెబుతారు, ఆ సగంలో సగం ఇంకొకరికి చేరుతుంది. అప్పుడు బస్సెక్కి వెళ్ళి మిగతాది చెప్పి రావాలి. అది కూడా మన ఉద్యోగమే, జీతంలో కలిపి ఉండదు, అంతే.

పరీక్ష ముగిశాక నేను మెట్లు దిగి వచ్చాను. వరండాలో పెద్దమనిషిగారు లేచి నిలబడి, తలపాగా దులిపి చుట్టుకున్నారు.

"అయిపోయిందాండీ?"

"అయిపోయింది."

"ఏమీ జరగలేదు కదండీ?"

ఫలితాలు వచ్చేదాకా మార్కుల సంగతి ఎవరికీ చెప్పకూడదు. నియమం నాకు బాగా తెలుసు.

"ఎందుకు జరగలేదు? మీ అమ్మాయి పాసయింది" అన్నాను.